జడకు 9 శాతం

మనిషి చెయ్యి ఎంతవరకు పనిచేయడం లేదో కొలవడానికి మన ప్రభుత్వం దగ్గర ఒక జాబితా ఉంది. 2018 జనవరిలో గెజెట్‌లో వచ్చిన వైకల్య నిర్ధారణ మార్గదర్శకాల్లో, చలన వైకల్యం కింద, చేతులతో చేసే పది పనులు కనిపిస్తాయి. ఎత్తులో ఉన్న వస్తువును తీసి మళ్ళీ అక్కడే పెట్టడం, ముక్కును తాకడం, చేత్తో అన్నం తినడం, తల దువ్వుకుని జడ వేసుకోవడం, చొక్కానో కుర్తానో తొడుక్కోవడం, శుభ్రం చేసుకోవడం, గ్లాసుతో నీళ్ళు తాగడం, గుండీలు పెట్టుకోవడం, బొందు ముడి వేయడమో పంచె కట్టుకోవడమో, రాయడం. ఒక్కోదానికి 9 శాతం.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఈ జాబితాను కూడా ఒక పాఠ్యంలాగే చదివాను. ఇందులో ఉన్న శరీరం ఎవరిది? అది తింటుంది, కానీ వండదు. బట్టలు తొడుక్కుంటుంది, కానీ ఉతకదు, పిండదు, ఆరేయదు. గ్లాసుతో నీళ్ళు తాగుతుంది, కానీ బిందె ఎత్తదు. పిల్లల్ని చంకన వేసుకోదు. పంచె ఉంది, చీర కుచ్చిళ్ళు లేవు. పది పనుల్లో ఆడమనిషి జాడ కనిపించేది ఒక్క జడలోనే. ఆ జడ దగ్గరే నా కథ అడ్డం తిరిగింది.

పరిశోధన మధ్యలో, ఇరవై ఏడో ఏట, నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ళ మీద పడి వాటిని తినేసే జబ్బు ఇది. మగవాళ్ళలోకన్నా ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. పొద్దున లేచేసరికి వేళ్ళు కొయ్యబారి ఉంటాయి. గంట, ఒక్కోసారి మూడు గంటలు గడిస్తే తప్ప పిడికిలి ముడుచుకోదు. మధ్యాహ్నానికి చెయ్యి కొంత నా మాట వింటుంది. సాయంత్రం కాలేజీలో పాఠం చెప్తుంటే చూసినవాళ్ళు నాకే జబ్బూ లేదనుకుంటారు. "మంచిగనే కనబడుతవు బిడ్డా, గదే నీ కష్టం" అంటుంది అమ్మ.

నేను గెస్ట్ లెక్చరర్‌ని. పాఠం చెప్పిన గంటకే డబ్బులు, సెలవుల్లో ఏమీ ఉండవు. మందులకూ రక్తపరీక్షలకూ నెల నెలా ఖర్చు మాత్రం ఉంటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. పాత 1995 చట్టంలో 7 రకాలుగా ఉన్న వైకల్యాలను 21కి పెంచింది. ఆ 21లో నా జబ్బు పేరు లేదు. చలన వైకల్యం అనే తలుపులోంచే నేను లోపలికి వెళ్ళాలి. తలుపు దగ్గర కాపలా ఉన్న అంకె 40. ఆ శాతం దాటితేనే రిజర్వేషన్, పింఛను, ఇంకేదైనా.

2022 ఆగస్టులో మీసేవలో స్లాట్ తీసుకుని జిల్లా కేంద్రంలో జరిగిన శిబిరానికి వెళ్ళాను. ఏడు గంటలకు వరండాలో కూర్చునేసరికి నా వేళ్ళు ఫైలు కూడా పట్టుకోలేకపోతున్నాయి. నా వంతు వచ్చేసరికి రెండు దాటింది. జబ్బు లక్షణాలన్నీ వరండాలోనే కరిగిపోయాయి. డాక్టర్ తన రెండు వేళ్ళు ఇచ్చి గట్టిగా పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. పేరు రాయమన్నారు. రాశాను. "పీహెచ్‌డీ చేశారు, రాయలేకపోవడమేమిటి మేడమ్?" అన్నారు. సిద్ధాంత గ్రంథంలో సగం నేను చెప్తుంటే స్నేహితురాలు టైపు చేసిందని అన్నాను. ఆయన తల ఊపారు, కాగితం మీద ఏమీ రాయలేదు. తర్వాత, "జడ మీరే వేసుకున్నారా?" అని అడిగారు.

"లేదు, అమ్మ వేసింది."

"అమ్మలు వేస్తూనే ఉంటారు లెండి" అని నవ్వారు.

ఆ నవ్వులో దురుద్దేశం ఏమీ లేదు. కానీ ఆ క్షణంలో రెండు జరిగాయి. నా చేతకానితనం ముద్దుగా మారిపోయింది. అరవై నాలుగేళ్ళ మా అమ్మ చాకిరీ ప్రేమగా మారిపోయింది. ఇద్దరాడవాళ్ళ కష్టం ఒక్క వాక్యంలో లెక్కలోంచి పోయింది.

వరండాలో నా పక్కన కూర్చున్న పెద్దమ్మ బీడీలు చుట్టేది. ముప్పై ఏళ్ళు చుట్టి చుట్టి బొటనవేళ్ళు వంకర తిరిగాయి. పీఎఫ్ నంబరు లేదు కాబట్టి బీడీ కార్మికుల పింఛను రాలేదు. వికలాంగుల పింఛను అప్పుడు 3,016 రూపాయలు. దానికోసం వచ్చింది. నన్ను మేడమ్ అన్న నోటితోనే డాక్టర్ ఆమెను నువ్వు అన్నారు. "అన్నం తింటవా?" "తింట సారూ." "నీళ్ళు తాగుతవా?" "తాగుత." "బట్టలు కట్టుకుంటవా?" "కట్టుకుంట." రోజుకు వెయ్యి బీడీలు చుట్టే చేతులు ఇప్పుడు రెండు వందలు చుట్టలేకపోతున్నాయన్న సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె జీవితాన్ని నిలబెట్టిన పని ఆ జాబితాలో లేనే లేదు.

చేస్తావా అని అడిగితే చేస్తానని చెప్పడం మనకు ఉగ్గుపాలతో పెట్టిన విద్య. చేయలేనన్న కోడలిని ఏమంటారో, చేయలేనన్న కూలీకి రేపు ఏమవుతుందో మనకు తెలుసు. ఎలా చేస్తావు, ఎంతసేపట్లో చేస్తావు, చేశాక ఎంతసేపు పడుకుంటావు, నువ్వు చేయలేని రోజు ఎవరు చేస్తారు అన్న ప్రశ్నలు లేకుండా ఆడవాళ్ళ వైకల్యం బయటపడదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. అందులో స్త్రీలు 1 కోటి 18 లక్షలే. మనకు వైకల్యం తక్కువా, లేక లెక్క దాకా రావడమే తక్కువా అని ఆ వరండాలో కూర్చున్నవాళ్ళెవరికైనా అనుమానం వస్తుంది.

నాకు 33 శాతం వచ్చింది. ఆ అంకెతో మన ఆడవాళ్ళకు పాత పరిచయమే. "అర్హత లేదు" అన్న ముక్క తప్ప కారణం లేదు. కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని నిబంధనలు చెప్తున్నాయి కాబట్టి అడుగుతూ ఉత్తరం పెట్టాను. మూడుసార్లు తిరిగాక ఒక వాక్యం ఇచ్చారు: చేతుల కదలిక తగినంత ఉంది.

చట్టంలో 59వ సెక్షన్ అప్పీలు హక్కునిస్తుంది. అప్పీలు రాయడానికి కూర్చున్నప్పుడు చట్టాన్ని మొదటిసారి పూర్తిగా చదివాను. అందులో వికలాంగుల నిర్వచనం నిజంగా మంచిది. దీర్ఘకాలిక లోపం, అడ్డంకులు రెండూ కలిసి, తోటివారితో సమానంగా సమాజంలో పాల్గొనకుండా ఆపడమే వైకల్యమంటుంది. అంటే వైకల్యం కీలులో మాత్రమే లేదు. ఎత్తైన బస్సు మెట్టులో ఉంది, ఎనిమిది గంటల క్లాసులో ఉంది, మధ్యాహ్నం రెండింటి స్లాటులో ఉంది. నిర్వచనం ఇంత విశాలంగా ఉంటే, కొలత మాత్రం ఒక కీలు ఎన్ని డిగ్రీలు వంగిందన్న దగ్గర ఆగిపోతోంది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే పట్టుకుంది. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే ఆ అభ్యర్థికి 40 శాతం లేకపోయినా పరీక్షలో రాసిపెట్టే మనిషిని పొందే హక్కు ఉందని చెప్పింది. ఆ తీర్పు రిజర్వేషన్ గురించి కాదు. అయినా శాతమే మనిషి కాదని ఒక న్యాయస్థానం అన్నదన్న ధైర్యం నాకు అవసరమైంది.

నా సిద్ధాంత గ్రంథం తెలుగు స్త్రీల ఆత్మకథల మీద. ఏది చెప్పారు, ఏది దాటేశారు, ఎవరికోసం గొంతు సవరించుకున్నారు అని ఏళ్ళ తరబడి వాళ్ళని వెతికినదాన్ని. అప్పీలు కూడా ఒక ఆత్మకథేనని రాస్తుంటే తెలిసింది. తేడా ఏమిటంటే, ఆత్మకథలో మనం సాధించినవి రాసుకుంటాం. ఇక్కడ సాధించినవన్నీ మనకు వ్యతిరేక సాక్ష్యాలు. నా పీహెచ్‌డీ, నా జీతం, నా చిరునవ్వు అన్నీ. తాళం తీయలేను, చపాతీ పిండి కలపలేను, నల్లబల్ల మీద పది నిమిషాలకు మించి రాయలేను అని ఒకదాని కింద ఒకటి రాశాను. అన్నీ నిజాలే. అయినా ఒక్కొక్కటి రాస్తుంటే, చదువుకుని నిలబడ్డ ఆడపిల్లగా కట్టుకున్న మనిషిని నా చేతులతోనే విప్పేస్తున్నట్టనిపించింది. సాయం అడగాలంటే ముందు చితికిపోయి చూపించాలన్న ఈ షరతు ఎవరు పెట్టారు?

ఎక్స్‌రేలు, డాక్టర్ చీటీలు, చేతిపట్టు కొలిచిన కాగితాలు జతచేశాను. చివరగా అమ్మని అడిగాను, పొద్దున లేచింది మొదలు నాకోసం ఏమేం చేస్తావో రాసివ్వమని. అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. "గిది గూడ రాస్తరా?" అంది. రెండు రోజులు కూర్చుని పేజీన్నర రాసింది. ఐదున్నరకు వేడినీళ్ళు, వేళ్ళు అందులో పెట్టించడం. పేస్టు మూత తీయడం. హుక్కులు పెట్టడం. జడ. టిఫిన్ డబ్బా మూత వదులుగా పెట్టడం. సాయంత్రం మళ్ళీ వేడినీళ్ళు. చివర్లో, "నాకు మోకాళ్ళ నొప్పులున్నయి. నా తర్వాత ఎవరు చేస్తరో తెల్వది" అని రాసింది. ఆ ముక్క నాతో ఎన్నడూ అనలేదు. నలభై ఏళ్ళ తన ఇంటిపనిలో ఏ భాగాన్నైనా రాసి చూపించమని ఆమెను అడిగినవాళ్ళు అంతకుముందు లేరు.

ఉదయం తొమ్మిది గంటలకే పరీక్షించాలని అప్పీలులో కోరాను. 2023 మార్చిలో పైస్థాయి బోర్డు పిలిచింది. అక్కడి డాక్టరమ్మ అమ్మ కాగితం ఆసాంతం చదివింది. 44 శాతం ఇచ్చారు, మూడేళ్ళ గడువుతో. ఏడు నెలల్లో నా కీళ్ళు 11 శాతం చెడిపోలేదు. మారింది గడియారం, అడిగిన ప్రశ్న.

నాకు భాష ఉంది, చట్టం చదివే ఓపిక ఉంది, క్లాసు లేని రోజులున్నాయి. బీడీల పెద్దమ్మకు ఒక్కరోజు తిరిగితే ఆ రోజు కూలి పోతుంది. అప్పీలు అన్న మాటే ఆమెకెవరూ చెప్పలేదు. హక్కు అందరిదీ అయినప్పుడు దాన్ని అందుకునే దారి చదువుకున్నవాళ్ళకే తెరుచుకోవడం గురించి మనం మాట్లాడాలి. జీవిత కథనాల మీద సదస్సులు పెట్టుకుంటున్నాం, మంచిదే. మీసేవ బయట, ఆస్పత్రి వరండాల్లో ఎవరో రాసిపెడితే తప్ప కాగితం మీదికి రాని జీవిత కథనాలు ఎన్నో ఉన్నాయి. అవి రాసిపెట్టడం కూడా మన పనే. జాబితాలో వంట, చాకిరీ, కూలిపని చేర్చమని అడగడమూ మన పనే.

నేనిప్పుడు ఆ పెద్దమ్మకు కొత్త దరఖాస్తు రాస్తున్నాను. నీకు చేతకానివి ఒక్కొక్కటే చెప్పమంటే చాలాసేపు చేతులు చూసుకుంది. "చాతగాకున్నా చేసుకుంటనే ఉంటం గదా బిడ్డా, గది ఎట్ల చెప్పాలె?" అంది. ఆ మాటనే మొదటి వాక్యంగా రాశాను.