బయటి నుంచి మద్దతు

2019 ఫిబ్రవరి 5న ఇండియానాపోలిస్‌లో లాస్ ఏంజెలిస్ లేకర్స్ జట్టు 42 పాయింట్ల తేడాతో ఓడిపోయింది. ఓటమి కన్నా ఆ రాత్రి ఎక్కువగా గుర్తుండిపోయినది ప్రేక్షకుల నినాదం. ఇరవై ఒక్కేళ్ల బ్రాండన్ ఇంగ్రామ్ ఫ్రీ త్రో వేయడానికి గీత దగ్గర నిలబడగానే, లెబ్రాన్ నిన్ను వదిలించుకుంటాడంటూ జనం గొంతు కలిపి అరిచారు. ఇంగ్రామ్ సహా లేకర్స్ కుర్రాళ్లను న్యూ ఆర్లియన్స్‌కు ఇచ్చి ఆంథొనీ డేవిస్‌ను తెచ్చుకునే బేరం అప్పటికే పత్రికలకెక్కింది. బేరమాడుతున్నది యాజమాన్యం. నినాదంలో వినిపించిన పేరు లెబ్రాన్ జేమ్స్‌ది. కాగితం మీద ఆయన కూడా ఆ జట్టులో ఒక ఉద్యోగే, ఇంగ్రామ్‌కు సహచరుడే. ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో తేల్చే అధికారాన్ని ఏ ఒప్పందమూ ఆయనకు రాసివ్వలేదు. అయినా ఆ అధికారం ఎక్కడుందో పొరుగూరి ప్రేక్షకులకు కూడా తెలుసు.

జట్టు కూర్పులో తార మాట ఎంతవరకు చెల్లాలన్న చర్చ అమెరికాలో ఏళ్ల తరబడి సాగుతోంది. ఆటగాడు ఆడాలి, మేనేజరు నడపాలి అనేవారు ఒక పక్క. ఎవరి ముఖం చూసి టికెట్లు అమ్ముడుపోతున్నాయో వారి మాటకు విలువ ఉండాలనేవారు మరో పక్క. మొదటి వాదనలో పాత జమీందారీ వాసన కొంత ఉంది. 1964 జనవరిలో బోస్టన్‌లో ఆల్ స్టార్ ఆట టెలివిజన్‌లో మొదలుకావలసిన వేళ, ఆనాటి మేటి ఆటగాళ్లంతా డ్రెస్సింగ్ రూమ్‌లో తలుపులు మూసుకొని కూర్చున్నారు. పింఛనుపై హామీ ఇస్తే తప్ప కోర్టులోకి రామన్నారు. హామీ వచ్చింది, ఆట జరిగింది. ఒప్పందం ముగిసిన ఆటగాడికి నచ్చిన జట్టుకు వెళ్లే దారి తెరుచుకున్నది కూడా, మరో తార ఆస్కార్ రాబర్ట్‌సన్ పేరిట 1970లో వేసిన దావా 1976లో రాజీతో ముగిశాకే. ఆ తారల పలుకుబడి తోడు లేకపోతే బెంచీ చివర కూర్చునే ఆటగాడికి ఈ హక్కులు దక్కడం కష్టమే. కనుక తార నోరు మూయించడం ఈ చిక్కుకు విరుగుడు కాదు.

చిక్కు పుట్టింది జీతాల లెక్కల్లో. 1999 నాటి కార్మిక ఒప్పందం ఒక్కో ఆటగాడి జీతానికి వ్యక్తిగత గరిష్ఠ పరిమితి పెట్టింది. పదేళ్ల అనుభవం ఉన్నవారికి కూడా కొత్త ఒప్పందం జట్టు జీతాల పరిమితిలో 35 శాతం దగ్గర ఆగిపోవలసిందే. లెబ్రాన్ వంటి ఆటగాడు జట్టుకు తెచ్చిపెట్టే విలువ ఆ హద్దును ఎప్పుడో దాటిపోయింది. రొక్కంగా అందని ఆ బాకీని ఆయన పలుకుబడి రూపంలో వసూలు చేసుకున్నారనడం పొరపాటు కాదు. 2014లో క్లీవ్‌లాండ్‌కు తిరిగివచ్చినప్పుడు ఆయన చేసుకున్నది రెండేళ్ల ఒప్పందమే. అందులోనూ ఏడాదికే బయటపడే వెసులుబాటు ఉంచుకున్నారు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికగా వచ్చిన ఆండ్రూ విగ్గిన్స్‌ను, జట్టు తరఫున ఒక్క ఆటైనా ఆడకముందే ఆగస్టులో మిన్నెసోటాకు ఇచ్చి కెవిన్ లవ్‌ను తెచ్చారు. ఎప్పుడైనా వెళ్లిపోగలిగినవాడు ఆజ్ఞాపించనక్కరలేదు. ఆయన మౌనానికే యాజమాన్యం అర్థాలు వెతుక్కుంటుంది.

లీగ్ నియమం ఈ మౌనాన్ని మరింత పెంచి పోషిస్తోంది. 2019 జనవరిలో డేవిస్‌ను వేరే జట్టుకు పంపమని ఆయన ఏజెంటు రిచ్ పాల్ బహిరంగంగా కోరినందుకు డేవిస్‌పై 50,000 డాలర్ల జరిమానా పడింది. లెబ్రాన్‌కూ ఏజెంటు ఆ రిచ్ పాలే. శిక్ష కోరినందుకు కాదు, పదిమందికీ వినబడేలా కోరినందుకు.

ఢిల్లీ రాజకీయాలు తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్త కాదు. దానికి మన దగ్గర స్థిరపడిన పేరే ఉంది: బయటి నుంచి మద్దతు. 1990 నవంబరులో చంద్రశేఖర్ ప్రభుత్వానికి కాంగ్రెస్ ఇచ్చింది అదే. రాజీవ్ గాంధీ ఇంటి మీద హర్యానా కానిస్టేబుళ్లు నిఘా పెట్టారన్న ఆరోపణ సాకుగా, మరుసటి మార్చి నాటికే ఆ ప్రభుత్వం రాజీనామా చేయవలసి వచ్చింది. అదే పార్టీ మద్దతుతో ప్రధాని అయిన దేవెగౌడ ఏడాది పూర్తి చేయలేకపోయారు. 1999లో తెలుగుదేశం 29 మంది ఎంపీలతో వాజపేయి ప్రభుత్వాన్ని నిలబెట్టింది కానీ మంత్రివర్గంలో చేరలేదు. ఆ రోజుల్లో హైదరాబాద్ మాట ఢిల్లీలో ఎంతగా చెల్లుబాటయ్యేదో తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. మంత్రి పదవి పుచ్చుకోనివారు సభలో లేచి జవాబు చెప్పనవసరం లేదు. ఎన్‌బీఏ తారల పలుకుబడి అచ్చంగా ఇటువంటిది.

డేవిస్ 2019 వేసవిలో లేకర్స్‌కు వచ్చారు, 2020లో జట్టు విజేత అయింది. అంతవరకు లెబ్రాన్ దూరదృష్టిని అందరూ పొగిడారు. 2021లో కైల్ కుజ్మా, కాల్డ్‌వెల్-పోప్, మాంట్రెజ్ల్ హారెల్‌లను, మొదటి రౌండు ఎంపిక ఒకదాన్ని వాషింగ్టన్‌కు ఇచ్చి రసెల్ వెస్ట్‌బ్రుక్‌ను తెచ్చారు. అంతకుముందే లెబ్రాన్, డేవిస్ ఆయనతో మంతనాలు జరిపారని పత్రికలు రాశాయి. బంతి చేతిలో ఉంటే తప్ప రాణించని ఆటగాడిని, బంతిని వదలని మరో ఆటగాడి పక్కన నిలబెడితే ఏమవుతుందో ఊహించడానికి పాండిత్యం అక్కరలేదు. ఆ సీజన్‌లో 33 గెలుపులు, 49 ఓటములు. జట్టు ప్లేఆఫ్స్‌కు చేరలేదు. వేటు పడింది కోచ్ ఫ్రాంక్ వోగెల్ మీద, 2020లో కప్పు తెచ్చిన ఆ కోచ్ మీదనే. సీజన్ చివరి ఆట ముగించుకొని ఆయన విలేకరుల ముందుకు వచ్చేసరికే తొలగింపు వార్త పొక్కిపోయింది. తనకు ఎవరూ ఏమీ చెప్పలేదని ఆయన వాళ్లకే చెప్పుకోవలసి వచ్చింది.

నలభై ఏళ్ల కిందట ఇదే జట్టులో కథ మరోలా నడిచింది. 1981 నవంబరులో మ్యాజిక్ జాన్సన్, కోచ్ పాల్ వెస్ట్‌హెడ్ పద్ధతి నచ్చక, తనను వేరే జట్టుకు పంపేయమని విలేకరుల ముందే అనేశారు. మర్నాడే కోచ్ ఉద్యోగం పోయింది. పద్ధతి మెచ్చుకోదగినది కాదు. కానీ తరువాతి ఆటలో సొంత అభిమానులే మ్యాజిక్‌ను గేలి చేశారు, ఆయన భరించారు. ఆ తొలగింపు ఎవరి ఖాతాలో పడాలో ఎవరికీ అనుమానం లేకపోయింది. కొత్త కోచ్ పాట్ రైలీతో 1982లో జట్టు గెలిచింది. 2019లో డేవిస్ కోసం బేరం మొదలుపెట్టిన లేకర్స్ అధ్యక్షుడు కూడా ఈ మ్యాజిక్ జాన్సనే కావడం విశేషం.

అంతకన్నా గౌరవనీయమైన దారి బోస్టన్‌లో బిల్ రసెల్‌ది. 1966లో రెడ్ ఆవర్‌బాక్ కోచ్ పదవి వదులుకున్నప్పుడు, రసెల్ ఆటగాడిగా ఉంటూనే ఆ పదవి చేపట్టారు. ఎన్‌బీఏలో తొలి నల్లజాతి ప్రధాన కోచ్ ఆయనే. అంతకుముందు వరుసగా ఎనిమిదేళ్లు గెలిచిన జట్టు, ఆయన ఏలుబడి మొదటి ఏడే ఫిలడెల్ఫియా చేతిలో ఓడింది. ఆ ఓటమి ఆయన పేరు మీదే నమోదయింది. 1968, 1969లో వచ్చిన కప్పులు కూడా అంతే. ఇవాళ జీతాల పరిమితి నిబంధనలు ఆటగాడిని కోచ్‌గా ఉండనివ్వవు. పరిమితిని దొంగదారిన దాటకుండా కట్టిన గోడ అది. దాని నీడలో బాధ్యత తీసుకునే ఏకైక రాచమార్గం మూసుకుపోయిందని ఎవరూ పట్టించుకోలేదు.

తారను అడగకుండా చేసిన నిర్ణయాలు మేలైనవని దీనర్థం కాదు. 2025 ఫిబ్రవరిలో డాలస్ జనరల్ మేనేజర్ నీకో హారిసన్ లూకా డాంచిచ్‌ను లేకర్స్‌కు ఇచ్చి డేవిస్‌ను తీసుకున్నారు. ఆటగాళ్లకు ముందుగా తెలియనివ్వలేదు. డాలస్ అభిమానులు నెలల తరబడి ఆయనను తొలగించాలని నినదించారు, నవంబరులో తొలగించారు. లెబ్రాన్ లేని ఆ గదిలో తప్పు జరిగితే తలుపు తట్టి అడగడానికి ఒక మనిషి ఉన్నాడు.

వెస్ట్‌బ్రుక్ కోసం వదులుకున్న కాల్డ్‌వెల్-పోప్ ఏడాది తిరిగేసరికి వాషింగ్టన్ నుంచి డెన్వర్ చేరాడు. 2023 మే నెలలో పశ్చిమ విభాగం ఫైనల్లో లేకర్స్‌ను డెన్వర్ 4-0తో ఊడ్చేసినప్పుడు అతడు డెన్వర్ జెర్సీలో ఉన్నాడు. మరుసటి నెలలో కప్పు కూడా ఎత్తాడు.