రంగు వెయ్యని పెన్సిల్

జెర్సీ సిటీలో మన కూరగాయల కొట్లు, దోసె హోటళ్లు ఉండే నెవార్క్ అవెన్యూకి దగ్గర్లోనే జనరల్ పెన్సిల్ కంపెనీ ఉంది. 1889 నుంచీ వాళ్లది అదే పని. గోంగూర కోసం వచ్చే మనవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గానీ, ఆ వైపు వెళ్తే నాకు గోంగూర కంటే ముందు సెడార్ పాయింట్ గుర్తొస్తుంది. ఆ కంపెనీ పెన్సిళ్లలో నాకు బాగా ఇష్టమైనది అదే. రంగు లేదు, వార్నిష్ లేదు. ఆరు పలకల ఉత్త చెక్క మీద నల్లక్షరాలు, కొసన నల్ల రేకు, నల్ల రబ్బరు.

ఇలా రంగు వెయ్యని పెన్సిళ్లు ఎక్కడ కనిపించినా కొని దాస్తాను. కారణం ఒక్కటే, వాటిలో ఏదీ దాగదు. పలుచని చెక్క పలకలో వరసగా గాళ్లు తీస్తారు. గ్రాఫైట్, బంకమన్ను కలిపి కాల్చిన పుల్లల్ని వాటిలో పెట్టి, పైన ఇంకో పలక అతికించి, అప్పుడు విడివిడిగా కోస్తారు. రంగు పడితే ఆ అతుకు ఇక కనపడదు. ఉత్త చెక్కయితే కొస తిప్పి చూడగానే తెలిసిపోతుంది: ఒక సగం కాస్త ఎర్రగా, రెండో సగం పాలిపోయి ఉంటే అవి రెండు వేరు పలకలవన్నమాట. నార పెన్సిల్ పొడవునా తిన్నగా సాగిందా, ఏటవాలుగా పక్కకి పోయిందా అన్నది కూడా చెక్కకముందే కనిపిస్తుంది. ఏటవాలుదైతే బ్లేడు పెట్టగానే పెచ్చులూడుతుంది.

ఒకప్పుడు మంచి పెన్సిల్‌కి రంగు వేసేవారే కాదు. నాసిరకం చెక్కని కప్పడానికే రంగు అనుకునేవారు. ఆ అభిప్రాయాన్ని తిరగేసింది 1890 ప్రాంతంలో హార్ట్‌ముత్ కంపెనీ తెచ్చిన పసుపుపచ్చ పెన్సిల్. దానికి వాళ్లు పెట్టిన పేరు కోహినూర్. ఆ వజ్రం దొరికిందని చెప్పుకునేది మన కృష్ణ ఒడ్డున, పల్నాటి కొల్లూరు గనిలో! ఉత్త చెక్క పెన్సిల్ వెనకబడిపోవడానికి కారణమైన పెన్సిల్‌కి మా వైపు వజ్రం పేరేమిటని నాకు ఇప్పటికీ కొంచెం కష్టంగానే ఉంటుంది.

ఈ వేసవిలో ఊరెళ్తూ పెన్సిళ్ల డబ్బా పట్టుకెళ్లాను. ప్రతి పెన్సిల్‌కీ నేను పెట్టే పరీక్ష ఒకటే. భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతు కరండాల మీది బ్రాహ్మీ అక్షరాలు ఒక వరస రాయాలి. పక్కనే ముదురు నలుపు నుంచి లేత బూడిద దాకా చెయ్యి ఆపకుండా ఒక పట్టీ గియ్యాలి. రాత ఎలా ఉందో, బొమ్మకి పనికొస్తుందో రెండూ తేలిపోతాయి.

తెనాలిలో మా పెద్దమ్మ వాళ్లింట్లో తలుపు సరిచేస్తున్న వడ్రంగి నా డబ్బాలోకి తొంగి చూశాడు. ఒక సెడార్ పాయింట్ చేతికిచ్చాను. రాసి చూడలేదాయన. కంటి ఎదురుగా పెట్టుకుని నార చూశాడు, వాసన చూశాడు, ఉలితో నాలుగు గీతలు గీసి మొన తేల్చాడు. పొట్టు తెగకుండా చుట్టలు చుట్టుకుని రాలింది. "దేవదారా అమ్మా?" అని అడిగాడు. కాలిఫోర్నియా, ఆరెగన్ వైపు పెరిగే ఇన్సెన్స్ సెడార్ అనీ, పేరులో సెడార్ ఉన్నా దేవదారు జాతి కాదనీ చెప్పాను. "ఏదైతేనేం, ఉలికి ఎదురు తిరగట్లేదు. పెన్సిల్ కోసమే పుట్టిన కర్ర" అన్నాడు. చెక్క గురించి ఇంతకంటే మంచి మాట నేను వినలేదు.

బాపట్లలో లెక్క మారింది. చలికాలం న్యూజెర్సీలో, హీటర్ వేడికి ఎండిపోయిన గదిలో నాకు సెడార్ పాయింట్‌లో గట్టి పుల్ల ఉండే నంబర్ 2 హాయిగా ఉంటుంది. మొన త్వరగా అరగదు, గీత సన్నగా వస్తుంది. అక్కడి సూర్యలంక తీరంలో సరుగుడు చెట్ల కింద అదే పెన్సిల్ కాగితంలోకి దిగబడింది. సముద్రపు గాలికి కాగితం చెమ్మ పట్టి మెత్తబడితే గట్టి మొన గుంట చేస్తుందే తప్ప నలుపు వదలదు. ఒత్తితే కాగితం లేచిపోతుంది. బంకమన్ను తక్కువై మెత్తగా ఉండే నంబర్ 1 మాత్రం అలవోకగా సాగింది. టెనెస్సీ రాష్ట్రం షెల్బీవిల్‌లో మస్‌గ్రేవ్ వారు చేసే టెనెస్సీ రెడ్ కూడా తీశాను. ఎర్ర సెడార్ చెక్క, మధ్యమధ్య మీగడ రంగు చారలు, చూపుకి దాన్ని మించింది నా దగ్గర లేదు. కానీ దాని మీద పారదర్శకమైన వార్నిష్ ఉంది. చెమట చేతిలో జారిపోయింది. ఉత్త చెక్క చెమటని పీల్చుకుని వేళ్ల మధ్య కదలకుండా నిలబడింది. మే నెల కోస్తాలో రాయాలన్నా గియ్యాలన్నా నా ఓటు సెడార్ పాయింట్ నంబర్ 1కే.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు భట్టిప్రోలు మీదుగానే పోతుంది. ఆ కుదుపుల్లో అక్షరాల వరస రాయడం ఏ పెన్సిల్‌తోనూ కుదరలేదు.

రేపల్లెలో మా అన్నయ్య కూతురు డబ్బా మొత్తం ముందేసుకుంది. ముందు పొట్టంతా పోగుచేసి పాలల్లో నానబెడితే రబ్బరు అవుతుందా అని అడిగింది. మా చిన్నప్పటి నమ్మకం ఇంకా బతికే ఉంది. తర్వాత తన అప్సర తెచ్చి నా వాటి పక్కన గీసి చూపించింది. "పట్టుకోడానికి నీదే బాగుందత్తా, నలుపు మాత్రం నాదే." కాదనలేకపోయాను. నటరాజ్, అప్సర రెండూ 1958లో మొదలైన హిందుస్థాన్ పెన్సిల్స్ వారివే. పుల్ల విషయంలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. ఇక చెక్కంటే, మన దేశపు పెన్సిళ్లకి చాలా భాగం కాశ్మీర్‌లోని పుల్వామా నుంచే వస్తుంది, పోప్లార్ చెట్లది.

ఆ చెక్క ఎలా ఉంటుందో చూద్దామని ఇద్దరం అప్సర మీద ఒక పక్క బ్లేడుతో రంగు గీకాం. లోపల తెల్లగా, శుభ్రంగా ఉంది. సెడార్ వాసన లేదు, ఆ ఎరుపూ లేదు, కానీ నార తిన్నగా ఉంది. దాన్ని కప్పాల్సిన అవసరం నాకు కనిపించలేదు. ఈ నలుపుతో, ఈ చెక్కతో, రంగు మాత్రం మానేసి మన కంపెనీ ఏదైనా ఒక రకం తెస్తే మొదటి డజను నేను కొంటాను. రెండో డజను తెనాలి వడ్రంగికి.