బియ్యం వేలు, అమరావతి కొంగ

పోస్టు కాస్త పెద్దదే. రేపల్లె ప్యాసింజర్ లాగా ప్రతి స్టేషన్లో ఆగుతూ పోతుంది. ఓపిక లేనివాళ్ళు మధ్యలో దిగిపోవచ్చు, మేమేం అనుకోం.

మేము నలుగురం. ఆదివారం సాయంత్రం ఇళ్ళ దగ్గర్నుంచి తిరిగొస్తూ తెనాలి స్టేషన్లో కలుస్తాం. ఒకడు రేపల్లె నుంచి, ఒకడు బాపట్ల నుంచి వస్తారు. ఒక చెల్లిది మాచర్ల వైపు తండా, తెనాలిలో చదువుకుంటోంది. ఇది టైపు చేస్తున్నవాడిని నాలుగోవాణ్ణి, నా గురించి వదిలేయండి. యానాది, ఎరుకల, సుగాలి అన్నీ కలిసిన బెంచీ మాది. ప్రభుత్వం కాగితాల్లో మనల్ని మైదాన ప్రాంత గిరిజనులు అంటారు. కాలేజీలో మాత్రం "అడవి లేదు, కొండ లేదు, మీరేం ట్రైబల్సు రా" అంటారు. దానికి మా దగ్గర జవాబు ఉంది గానీ ఇక్కడ రాస్తే బాగుండదు.

బెంచీ మీద మా పని టీ తాగుతూ టెక్నాలజీ వార్తలు చదవడం, వాటి మీద జోకులు వేసుకోవడం. మాలో ఎవడూ ఇంజనీరు కాడు. అయినా క్వాంటమ్ గురించి మేం మాట్లాడినంత ధీమాగా ఐబీఎం వాళ్ళు కూడా మాట్లాడి ఉండరు.

క్వాంటమ్ అంటే గుర్తొచ్చింది. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అని 2025లో ప్రకటించారు కదా. అందులో ఐబీఎం వాళ్ళ క్వాంటమ్ సిస్టమ్ టూ పెడతారు, 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉంటుంది అని వార్త. మా రేపల్లె వాడు హెరాన్ అంటే ఏంటా అని డిక్షనరీ తీశాడు. కొంగ! "ఒరేయ్, దీనికోసం అమెరికా దాకా ఎందుకు రా, మా చేపల చెరువు గట్టు మీద పొద్దున్నే 156 కాదు, మూడొందలు దిగుతాయి. తోలలేక చస్తున్నాం" అన్నాడు. ఆ ప్రాసెసర్ పని చెయ్యాలంటే దాదాపు మైనస్ 273 డిగ్రీల చలిలో ఉంచాలని చదివితే బాపట్ల వాడికి నిజాంపట్నం హార్బర్ గుర్తొచ్చింది. అక్కడ కరెంటు పోయి ఐసు అందకపోతే ఆ రోజు చేప గంగపాలే. "కొంగకి ఐసు ఆపకుండా వేస్తారంటావా?" అని వాడి అనుమానం. ఆ రోజు నుంచి మా బెంచీలో క్వాంటమ్ కంప్యూటర్ పేరు అమరావతి కొంగ.

నవ్వుకున్నాం గానీ, ఆ వార్త మాకు నచ్చింది కూడా. నిజమే చెప్పాలి. అది వస్తే కనీసం దాని దగ్గర లిఫ్టు ఆపరేటర్ ఉద్యోగమైనా మనోడికి వస్తుందని ఒకడు, లేదు ఈసారి లోపల కూర్చునే ఉద్యోగమే కావాలని చెల్లి. చెల్లి మాటే నెగ్గింది.

తర్వాత ఉచితాల సంగతి. 2025లో ఏఐ కంపెనీలన్నీ మన మీద పడ్డాయి. జూలైలో ఎయిర్‌టెల్ సిమ్ ఉంటే పెర్‌ప్లెక్సిటీ ఏడాది ఉచితం అన్నారు. అక్టోబరు చివర్లో జియో వాళ్ళు జెమిని 18 నెలలు ఉచితం అన్నారు. నవంబరు 4 నుంచి చాట్‌జీపీటీ గో ఏడాది ఉచితం. రీఛార్జి అయిపోతే ఇన్‌కమింగ్ కూడా ఆపేసే రోజుల్లో ఇంత దానమేంటి అని మేం ఆశ్చర్యపోతుంటే, రేపల్లె వాడు వాళ్ళ నాన్న మాట చెప్పాడు. ఆయన జీవితమంతా గాలాలతో, మావులతో గడిపిన మనిషి. విషయం అంతా విని ఆయన అడిగింది ఒక్కటే: "ఎర వేసేవాడు చేప దగ్గర డబ్బులు అడుగుతాడంట్రా?"

ఆ మాట తర్వాత కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత నలుగురం మూడూ డౌన్‌లోడ్ చేసుకున్నాం. ఎర అని తెలిసినా చేప ఎందుకు తింటుందో మాకు అప్పుడు అర్థమైంది. ఆకలి. రికార్డు రాయాలి, అసైన్‌మెంట్ ఇవ్వాలి, ఇంగ్లీషులో మెయిల్ పెట్టాలి. ట్యూషన్ చెప్పించుకునే స్తోమత ఉన్నోళ్ళకి అది సరదా, మనకి మాస్టారు.

ఆ మాస్టారితోనే బాపట్ల వాడికి గొడవ వచ్చింది. ఏ కంపెనీదో చెప్పను. వాళ్ళ చుట్టాలందరూ స్టువర్టుపురంలో ఉంటారు. సరదాగా ఒక రాత్రి ఆ ఏఐని "స్టువర్టుపురం గురించి చెప్పు" అని అడిగాడు. మొదటి వాక్యంలోనే దొంగలు. రెండో వాక్యంలో సినిమా. 1991లో చిరంజీవి స్టువర్టుపురం పోలీస్ స్టేషన్, 2023లో రవితేజ టైగర్ నాగేశ్వరరావు, అవన్నీ గడగడా చెప్పింది. వీడు ఊరుకోకుండా "మా బాబాయి అక్కడే పుట్టి ఇరవై ఏళ్ళుగా బళ్ళో పాఠాలు చెప్తున్నాడు, ఆయన గురించి చెప్పు" అన్నాడు. "క్షమించండి, నా దగ్గర ఆ సమాచారం లేదు" అంది.

మేం నవ్వాం. వాడు నవ్వలేదు. "సినిమా తీసినోడిదైనా కొంచెం నయం రా, మూడు గంటల్లో అయిపోద్ది. ఇది ఎవడడిగినా, ఎప్పుడడిగినా ఇదే చెప్తది" అన్నాడు. తప్పు మిషన్‌ది అని కూడా అనలేం. అది రాసినవన్నీ చదివి నేర్చుకుంది. మన గురించి రాసినోళ్ళు ఎక్కువగా పోలీసులు, పత్రికలవాళ్ళు, సినిమావాళ్ళు. బాబాయి గురించి రాసినవాడు లేడు.

భాష దగ్గర ఇంకో తమాషా. 2025 సెప్టెంబరు 1న కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఆది వాణి అని ఒక ఏఐ అనువాదం తెచ్చింది. ఐఐటీ ఢిల్లీ ముందుండి చేసిన పని, మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా అందులో ఉంది. మొదటి విడతలో సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ. తర్వాత కుయి, గారో అన్నారు. చెల్లి జాబితా రెండుసార్లు చదివింది. మన గోండు అన్నలకి వచ్చినందుకు సంతోషం, మన లంబాడీ లేదు, ఎరుకల లేదు. "వెయిటింగ్ లిస్టులో కూడా లేం" అంది. తెనాలి స్టేషన్లో కూర్చుని అనడానికి సరైన మాటే.

సరే మనమే పరీక్ష పెడదాం అని బాపట్ల వాడు వాళ్ళ అమ్మమ్మ ఎరుకల మాటలు రికార్డు చేసి ఒక యాప్‌కి వినిపించాడు. ఒకసారి తమిళం అంది. ఇంకోసారి మలయాళం అంది. మూడోసారి "దయచేసి స్పష్టంగా మాట్లాడండి" అంది. అమ్మమ్మకి అది తెలుగులో చదివి వినిపిస్తే ఆవిడ ఫోన్ వైపు వేలు చూపించి ఎరుకలలోనే ఏదో అంది. అదేంటో వాడు మాకు అనువాదం చెయ్యలేదు. ఆది వాణి వచ్చినా చెయ్యదు లెండి, అలాంటి మాటలు.

రేపల్లె రైల్లో వెళ్ళేవాళ్ళకి భట్టిప్రోలు స్టేషన్ తెలుసు. ఆ ఊరి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ అనే ఆయన తవ్వితే రాతి భరిణెలు దొరికాయి. వాటి మీద క్రీస్తుకు పూర్వం నాటి రాత. భాష ప్రాకృతమే గానీ, తెలుగు లిపికి పూర్వరూపాల్లో అది ఒకటని పండితులు అంటారు. అంటే ఈ పోస్టు మేం టైపు చేస్తున్న అక్షరాల తాతలు మా రైలు కిటికీ పక్కనే దొరికారన్నమాట. అన్ని వందల ఏళ్ళుగా ఆ ఊళ్ళ చుట్టూ చేపలు పట్టుకుంటూ, బుట్టలు అల్లుకుంటూ తిరిగిన మన భాషల్లో ఎవరూ ఒక్క భరిణె మీద కూడా గీయలేదు. చెల్లి ఇప్పుడు వాళ్ళ నాయనమ్మ పాటలు ఫోన్లో రికార్డు చేస్తోంది. "భరిణెలో పెడతావా?" అని ఏడిపిస్తున్నాం. మెమరీ కార్డులో పెడుతుందట, 64 జీబీ.

ఇప్పుడు ముఖం సంగతి. మాలో ఒకడుండే హాస్టల్లో ముఖం చూపించి హాజరు వేసే యాప్ పెట్టారు. సాయంత్రం వరండాలో ఒకటే బల్బు. తెల్లగా ఉన్న ఇద్దరికి టకీమని పడుద్ది. మనోడు నిలబడితే "ఫేస్ నాట్ డిటెక్టెడ్". వెనకాల లైనులో వాళ్ళు "పళ్ళు చూపించరా, అప్పుడు కనపడతావ్" అని జోకు. వీడూ నవ్వేశాడు, ఏం చేస్తాడు. వరసగా మూడు రోజులు పడకపోతే ఆబ్సెంట్ వేశారు, ఇంటికి మెసేజ్ వెళ్ళింది. వాళ్ళమ్మ మనిషి ఏమైపోయాడో అని పక్కింటి ఫోన్ నుంచి ఏడుస్తూ చేసింది.

ఇది మన వరండా బల్బు గొడవే అనుకున్నాం. కాదట. 2018లో అమెరికాలో ఎంఐటీకి చెందిన జాయ్ బువోలామ్విని అనే నల్లజాతి అమ్మాయి పెద్ద కంపెనీల ముఖం సాఫ్ట్‌వేర్లని పరీక్షించింది. ఫొటో చూసి ఆడో మగో చెప్పమంటే తెల్ల మగవాళ్ళ దగ్గర తప్పు నూటికి ఒకటి కూడా లేదు. నల్ల ఆడవాళ్ళ దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ నూటికి 34 దాకా తప్పు చెప్పింది. ఆ అమ్మాయి చదువుకునేటప్పుడు ఒక మిషన్ తన ముఖాన్ని గుర్తించకపోతే తెల్లటి మాస్కు పెట్టుకుంది, వెంటనే గుర్తించింది. ఈ కథ చెప్పగానే హాస్టల్ వాడు, "అయితే పౌడర్ ఖర్చు మెస్ బిల్లులో వెయ్యమందాం" అన్నాడు. చివరికి వార్డెన్ గారికి చెప్పి ఇంకో బల్బు పెట్టించాం. పది మందిమి కలిసి అడిగితే గానీ రాలేదు.

హాజరు అనే మాట బాపట్ల వాడి ఇంట్లో వేరేగా వినపడుతుంది. 1871లో తెల్లవాళ్ళు నేరస్థ తెగల చట్టం చేశారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు వైపు కూడా తెచ్చారు. మన కులాలు పుట్టుకతోనే దొంగలు అని రిజిస్టర్లో రాశారు. 1911 చట్టంలో ఇంకో ముక్క ఉంది, రిజిస్టరైన మనిషి వేలిముద్రలు ఎప్పుడైనా తీసుకోవచ్చు. కలకత్తాలో 1897లోనే వేలిముద్రల ఆఫీసు పెట్టారు, అప్పటికి అది ప్రపంచంలోనే కొత్త టెక్నాలజీ. స్టువర్టుపురం సెటిల్‌మెంట్ కూడా ఆ రోజుల్లోదే, సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో నడిచింది. వాడి ముత్తాత పేరు పిలిస్తే పలకాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952 ఆగస్టు 31న. అంటే టెక్నాలజీ మన దగ్గరికి ఆలస్యంగా వచ్చింది అనేవాళ్ళకి చెప్పండి, వేలిముద్రల విషయంలో మనం చాలామంది కంటే సీనియర్లం.

ఆధార్ కూడా అంతే. దేశంలో మొట్టమొదట 2010 సెప్టెంబరు 29న ఇచ్చింది మహారాష్ట్రలో టెంభ్లీ అనే ఊళ్ళో, గిరిజనుల ఊరు.

అప్పుడు ముద్రలు బాగా పడ్డాయి కాబట్టి తాతల్ని పట్టుకున్నారు. ఇప్పుడు పడక నాయనమ్మలకి బియ్యం ఆగుతున్నాయి. మా రేపల్లె వాడి నాయనమ్మకి డెబ్భై దాటాయి. చిన్నప్పట్నుంచి బోదెల్లో, కాలవల్లో చేత్తో పీతలు, చేపలు పట్టిన మనిషి. రేషన్ షాపులో ఈపోస్ మిషన్ మీద బొటనవేలు పెడితే పడదు. చూపుడు వేలు పడదు. చేతులు కడుక్కుని రమ్మంటాడు డీలరు. కొబ్బరినూనె రాయమని ఒకరు, నిమ్మకాయ రుద్దమని ఒకరు. కళ్ళు చూసే మిషన్ తెచ్చారు, కంట్లో పొర ఉంది, అదీ పట్టలేదు. డీలరు మంచోడే, "నేనేం చేసేది అవ్వా, మిషన్ ఒప్పుకోవట్లా" అంటాడు. ఆ నెల బియ్యం రాలేదు. నాయనమ్మ మాత్రం "నా గీతలు పీతలు తినేశాయి నాయనా, వాటినడిగి తెచ్చుకో" అంది. 2025 జనవరి 30న 161 సేవలతో మన మిత్ర వాట్సాప్ మొదలైంది కదా, కుల ధ్రువీకరణ దానిలో పెట్టుకోవచ్చని వీడు ఇంట్లో గొప్పగా చూపించాడు. ఆవిడ అడిగింది: "అందులోంచి బియ్యం వత్తాయా?"

వీడికి అప్పుడు పట్టుదల వచ్చింది. మేం కూడా వెతికాం, ఉచిత మాస్టార్లు ముగ్గుర్నీ అడిగాం. అందులో ఒకటి పనికొచ్చే ముక్క చెప్పింది. పది వేళ్ళలో ఏ వేలు బాగా పడుతుందో చూసే పద్ధతి ఆధార్ వాళ్ళకి ఉంది, బొటనవేలే పెట్టాలని రూలు లేదు. మర్నాడు నాయనమ్మని తీసుకెళ్ళి లైను అయిపోయేదాకా ఆగి, డీలరుని బతిమాలి, ఒక్కో వేలు పెట్టించాడు. కుడిచెయ్యి ఐదూ పడలేదు. ఎడమచెయ్యి బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, లేదు. ఉంగరం వేలు పెట్టగానే మిషన్ కీచుమంది, పేరొచ్చింది, బియ్యం తూచారు. షాపు దగ్గర్నుంచే మాకు వీడియో కాల్ చేశాడు. తెనాలి ప్లాట్‌ఫాం మీద మేం అరిచిన అరుపుకి ఆర్పీఎఫ్ ఆయన వచ్చి ఏమైంది అని అడిగాడు. "బియ్యం వచ్చాయి సార్" అంటే వింతగా చూసి వెళ్ళిపోయాడు.

మొన్న సెలవులకి నలుగురం రేపల్లె వెళ్ళాం. నాయనమ్మ ఇంటి వెనక బోదెలో మోకాళ్ళ లోతున దిగి గట్టు కింద బొరియల్లో చెయ్యి పెట్టి పీతలు పడుతోంది. ఎడమచేతి ఉంగరం వేలికి పాతగుడ్డ పేలిక చుట్టి దారంతో కట్టింది. దెబ్బ తగిలిందేమో అని చెల్లి కంగారుపడి, "వేలికేమైంది మామ్మా?" అని అడిగింది.

"ఏం కాలేదమ్మా. అది బియ్యం వేలు" అని, మిగతా తొమ్మిది వేళ్ళతో ఇంకో బొరియలోకి చెయ్యి పెట్టింది.