లోపల మిగిలిన ముక్క

"నడుస్తుంటే విరిగిందా, విప్పుతుంటే విరిగిందా?"

లారీ ఇంజిన్ హెడ్డులో బోల్టు విరిగిందని కబురొస్తే, మంచి మేస్త్రి బోల్టు సైజు కంటే ముందు ఈ మాట అడుగుతాడు. బెజవాడ ఆటోనగర్ షెడ్లలో పెద్ద మేస్త్రీల నోట ఇది వింటుంటే మొదట్లో నాకు పోలీసు వాకబులా ఉండేది. తర్వాత తెలిసింది, సగం వైద్యం ఆ ప్రశ్నలోనే ఉందని. పరుగులో తెగిన బోల్టుకి తల పోగానే దాన్ని లాగి పట్టుకున్న బిగువు కూడా పోతుంది. లోపలి ముక్క మరల్లో ఊరికే కూర్చుని ఉంటుంది. అదృష్టం బాగుంటే సన్నటి ఉలిమొన అంచుకి ఆనించి, విప్పే వైపుకి నాలుగు దెబ్బలు తడితే చాలు, తిరుగుతూ బయటికొస్తుంది. విప్పుతుంటే విరిగిందంటే సంగతి వేరు. మరల్లో తుప్పు పట్టిన పట్టు ఉక్కు బలాన్నే మించిపోయిందన్నమాట. తల ఉండగా, పానాకి పైపు తొడిగి ఇద్దరు లాగినా కదలనిది, తల పోయాక మాట వింటుందా?

హెడ్డు బోల్టులనగానే హెడ్డుని బ్లాకుకి బిగించే పొడుగాటివి గుర్తొస్తాయి. అవి విరగడం తక్కువే. ఏడిపించేవన్నీ పక్కనుండే పొట్టివి, పొగ బయటికి పోయే మానిఫోల్డుని హెడ్డుకి పట్టి ఉంచేవి. ఆరు సిలిండర్ల ఇంజినుకి మామూలుగా పన్నెండు. వీటి కష్టం వేడి తెచ్చిన కష్టం. హెడ్డులో నీళ్ళు తిరుగుతుంటాయి కాబట్టి దాని ఒళ్ళు తొంభై, వంద డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది. లోడు మీద ఘాటెక్కే లారీకి మానిఫోల్డు ఐదొందల డిగ్రీలు దాటినా ఆశ్చర్యం లేదు. పోత ఇనుము డిగ్రీకి మీటరుకి సుమారు 11 మైక్రాన్లు సాగుతుంది. ఎనభై సెంటీమీటర్ల మానిఫోల్డు హెడ్డు కన్నా నాలుగొందల డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే, హెడ్డుని దాటి మూడు మిల్లీమీటర్లకు పైగా జరగాలని చూస్తుంది. అందుకే దాని బెజ్జాలు బోల్టు కంటే కాస్త పెద్దవిగా పెడతారు. కొన్నిటిని ఏకంగా ముక్కలుగా చేసి ఒకదానిలో ఒకటి జరిగేలా అమరుస్తారు. అయినా ఏళ్ళ తరబడి కాగి, చల్లారి, వంకర తిరిగాక ఆ గుంజులాటంతా చివరి బోల్టుల మీదే పడుతుంది. ముందు తెగేవి అవే. పొద్దున స్టార్టు చేయగానే టిక్కు టిక్కుమంటూ, ఇంజిను వేడెక్కాక సద్దుమణిగే చప్పుడు, గ్యాస్కెట్ పక్కన నల్లటి మసి, ఎక్కుడులో తగ్గిన లాగుడు. డ్రైవరు ఈ మూడూ చెప్పాడంటే బానెట్ ఎత్తకుండానే తెలిసిపోతుంది.

విరిగినప్పుడు తిట్లు తినేది మాత్రం పానా చేతిలో ఉన్న కుర్రాడే. నాకది అన్యాయంగా తోస్తుంది. బోల్టు మీద మనం పెట్టే బలంలో దాన్ని సాగదీసి బిగువు తెచ్చేది రమారమి పదో వంతు. తక్కిన తొమ్మిది వంతులూ తల కింద, మరల్లో, ఒరిపిడికే ఖర్చయిపోతాయి. కాబట్టి తుప్పు మరలో పానా ఎంత గట్టిగా అనిపించినా లోపల బిగువు చాలకపోవచ్చు. ఆయిలు పూసిన మరలో అంతే బలం బోల్టుని హద్దు దాటించవచ్చు. "నా చెయ్యే టార్క్ రెంచి" అని గొప్పలు పోయేవాళ్ళ చెయ్యి కొలిచేది ఎక్కువగా ఒరిపిడినే. ఏడేళ్ళ కిందట ఏ ఊళ్ళోనో ఒక గట్టి చెయ్యి చేసిన పని ఇవాళ ఈ కుర్రాడి చేతిలో ఠప్పుమంది. ఆ గట్టి చేతికి ఆ రోజు టీ ఇప్పించే ఉంటారు.

ఇక తీయడం. ముందు చెయ్యాల్సింది ఏమీ చెయ్యకపోవడం, అంటే ఆయిలు పోసి రాత్రంతా వదిలేయడం. కిరసనాయిలైనా, డబ్బాలో దొరికే స్ప్రే అయినా మరల సందుల్లోకి పాకడానికి వ్యవధి కావాలి. మధ్యమధ్య సుత్తితో చిన్నగా తడితే తుప్పు పగిలి దారిస్తుంది. లారీ ఓనరు ఆ రాత్రి ఇవ్వడు. లోడు ఆగింది, కిస్తీ ఆగదు. ముక్క చుట్టూ గ్యాసుతో కాల్చి, కాస్త చల్లారాక కొవ్వొత్తి ఆనిస్తే కరిగిన మైనం మరల్లోకి దిగుతుంది. ఇది చూడ్డానికి నాటువైద్యంలా ఉంటుంది గానీ పనిచేస్తుంది.

అసలు అస్త్రం వెల్డింగు. ముక్క కొస మీద నట్టు పెట్టి, నట్టు బెజ్జంలోంచి రాడ్డుతో నింపి రెండిటినీ ఒకటి చేస్తారు. తిప్పడానికి కొత్త తల దొరకడం ఇందులో పైకి కనబడే లాభం. వేడి చేసే ఉపకారం అంతకన్నా పెద్దది. ఎర్రగా కాగిన ముక్క ఉబ్బబోతుంది, చుట్టూ చల్లటి హెడ్డు చోటివ్వదు, తనలో తానే నలిగి, చల్లారేసరికి మునుపటి కన్నా సన్నబడుతుంది. ఆ గుంజాటనలో తుప్పు చిట్లిపోతుంది. హెడ్డు పోత ఇనుముదైతే మరో సౌకర్యం: మామూలు రాడ్డు లోహం దానికి అంత తేలిగ్గా అతుక్కోదు, బోల్టుకే అతుక్కుంటుంది. ఒకసారికి నట్టు ఊడొస్తే మళ్ళీ పెడతారు. ఊడొచ్చిన ప్రతిసారీ లోపల ఇంకొంచెం వదులైందనే లెక్క. బ్యాటరీ తీగలు విప్పి, ఎర్తు క్లాంపు హెడ్డుకే తగిలించాలన్న సంగతి ఈ హడావుడిలో మరవకూడదు. క్లాంపు ఛాసిస్‌కి ఎక్కడో పెడితే కరెంటు బేరింగుల గుండా దారి వెతుక్కుంటుంది. కంప్యూటరున్న ఇంజినైతే ఆ పెట్టె కూడా పోవచ్చు.

ముక్క బెజ్జంలో లోతుగా విరిగి నట్టుకి అందకపోతే డ్రిల్లు తప్పదు. 10 మిల్లీమీటర్ల మామూలు మర బోల్టుకి మరగీసే బెజ్జం 8.5. సరిగ్గా నడిమధ్యలో దించితే బోల్టు చుట్టూ సన్నటి పొర మిగులుతుంది. మొనతో గోకి మరల్లోంచి పీకేయొచ్చు. ఆ సరిగ్గా అన్న చోటే చిక్కు. విరిగిన మొహం గరుకుగా, ఏటవాలుగా ఉంటుంది. ఉక్కు గట్టిది, పక్కనున్న పోత ఇనుము మెత్తది, బిట్టు మెత్తటి వైపుకే జారుతుంది. అందుకని ముందు మొహాన్ని చదును చేసి, సెంటర్ పంచ్ దెబ్బ వేయడానికి ఎంతసేపు తీసుకున్నా తప్పులేదు. విప్పే వైపుకి తిరిగే ఎడమ బిట్టు ఉంటే, దాని కోతలోనే ముక్క ఒక్కోసారి వదిలి వచ్చేస్తుంది. అది ప్రతి షెడ్డులోనూ ఉండాల్సిన సామాను. చాలా షెడ్లలో ఉండదు.

దానికి బదులు ఉండేది ఎక్స్‌ట్రాక్టరు, ముక్కలో వేసిన బెజ్జంలోకి దించి విప్పే వైపుకి తిప్పే పనిముట్టు. నాకు దాని మీద నమ్మకం లేదు. బెజ్జంలో దిగేకొద్దీ అది కట్టెలో కొట్టిన మేకులా బోల్టు గోడల్ని వెలుపలికి నెట్టి, పట్టుని మరింత బిగిస్తుంది. పైగా అది గట్టిదే గానీ పెళుసు. బలం కాస్త పక్కకి పడితే పుటుక్కుమని బెజ్జంలోనే ఉండిపోతుంది. ఇప్పుడు బోల్టు లోపల బోల్టు కన్నా గట్టి ముక్క. మామూలు డ్రిల్లు దాని మీద గీత కూడా పెట్టలేదు. పది రూపాయల బోల్టు కోసం మొదలైన పని హెడ్డు విప్పి, స్పార్కు మిషను ఉన్నచోటికి మోసుకుపోయే దాకా వస్తుంది.

ఆ మిషను కథ వినదగ్గది. 1943లో సోవియట్ దేశంలో లజరెంకో దంపతులు, బోరిస్, నటాల్యా, స్విచ్చుల టంగ్‌స్టన్ కాంటాక్టులు నిప్పురవ్వలకి తినిపోకుండా ఆపే దారి వెతుకుతూ, ఆ తినిపోవడాన్నే లోహం కోతకి వాడుకోవచ్చని కనిపెట్టారు. దాదాపు అదే కాలంలో అమెరికాలో మరో ముగ్గురు ఇంజినీర్లు నిప్పురవ్వల్ని ఉపయోగించింది సరిగ్గా విరిగిన ట్యాపుల్నీ బిట్లనీ తీయడానికే. నూనెలో మునిగిన రాగి కడ్డీ ముక్కని తాకకుండానే రవ్వలతో కొంచెం కొంచెంగా తినేస్తుంది. ఎంత గట్టి ఉక్కైనా దానికి ఒకటే.

ముక్క వచ్చాక కూడా బేరం మిగిలే ఉంటుంది. బెజ్జంలో ట్యాపు నడిపి, పొట్టు ఊది, కొత్త బోల్టు మరలకి వేడికి తట్టుకునే రాగి గ్రీజు పూసి, నడిమి నుంచి చివరలకి వరసగా బిగించాలి. కానీ మిగతా పదకొండూ ఇన్నాళ్ళూ తెగినదాని వాటా కూడా మోసినవే. వాటినీ మార్చాలంటాడు మేస్త్రి. "బాగున్నవాటిని కదిపి అవీ విరిగితేనో?" అంటాడు ఓనరు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. చివరికి రెండు కొసల్లో ఉన్న నాలుగూ మార్చి, నడిమివాటి జోలికి పోకుండా, ఒక ట్రిప్పు తిరిగొచ్చాక మళ్ళీ బిగువు చూడాలని ఒప్పందం కుదురుతుంది. ఆ ట్రిప్పు నుంచి లారీ షెడ్డుకి వచ్చేది మాత్రం మళ్ళీ టిక్కు టిక్కుమన్నప్పుడే.