కోరంగివారి దీవి

హిందూమహాసముద్రములో, మడగాస్కరునకు తూర్పుగా, మారిషసు అను చిన్న దీవి గలదు. మన పూర్వపు తూర్పుగోదావరి జిల్లాలో అటువంటి దీవులు ఐదు పట్టును. జనము సుమారు పన్నెండున్నర లక్షలు. ఆ దేశమున ఉగాది సర్కారు సెలవు. ఆనాడు బ్యాంకులు, కచేరీలు, పాఠశాలలు అన్నియు మూసియుండును. సెలవు తెలుగువారికి మాత్రమే కాదు, దేశమున కంతకును. అచటి సెలవుదినముల పట్టిక చదివినచో ఆ దేశచరిత్రము కొంత చదివినట్లే యగును. తైపూసమునాటి కావడి తమిళులది, మహాశివరాత్రి ఉత్తరదేశపు హిందువులది, వినాయకచవితి మరాఠీలది, ఈదు ముసల్మానులది, వసంతోత్సవము చీనావారిది, క్రిస్మసు క్రైస్తవులది, ఉగాది మనవారిది. ఒక్కొక్క దినము వెనుక నొక జాతి యున్నది. జాతి వెనుక దాని పక్షమున మాటలాడు సంఘము లున్నవి. మనవారి పక్షమున మాటలాడునది ఆంధ్ర మహాసభ. ఆ సభవారి పనిని కన్నులార చూడవలెనని మేము మొన్నటి ఉగాదికి ఆ దీవికి పోయితిమి.

రాజధాని పోర్టులూయీ. రేవునకు ఆనుకొని ఆప్రవాసీ ఘాటు అను చోటు గలదు. పూర్వము దానిని కూలీఘాటు అనెడివారు. సముద్రపు టొడ్డునుండి పైకి పదునాఱు రాతిమెట్లు. ఓడ దిగిన కూలీలు ఈ మెట్లెక్కియే దేశములో అడుగిడిరి. 1835 ఫిబ్రవరి 1వ తేదీన ఆ దీవిలో బానిసత్వము రద్దాయెను. బానిసలు లేనిచో చెఱకుతోటలు నడుచు టెట్లు? అంతకు ముందే, 1834 నవంబరు 2వ తేదీన, అట్లాసు అను ఓడలో ముప్పదియాఱుగురు భారతీయులు ఒడంబడికమీద దిగియుండిరి. అది మొదలు 1920 వఱకు ఈ ఘాటు మీదుగా వచ్చినవారు సుమారు ఐదులక్షలు. వారిలో కొందఱను ఇచటినుండి వేఱు దేశములకును పంపిరి. ఐదేండ్ల ఒడంబడిక. నెలకు ఐదు రూపాయల జీతము, కొంత బియ్యము, పప్పు, ఉప్పు. ఒక దినము పనికి రానిచో రెండు దినముల జీతము కోసెడివారు. ఈ ఘాటును 2006లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చిరి.

ఆ మెట్లపై నిలువబడినప్పుడు మాకు తోచినది ఒక్కటే. తొలినాళ్ల ఓడలలో స్త్రీలు చాల కొద్దిమంది. వచ్చిన యా కొద్దిమందియే పరాయినేలమీద పొయ్యి వెలిగించి, బిడ్డలకు మన మాట నేర్పి, సంసారము నిలిపిరి. వారి పేర్లు చిట్టాలలో నున్నవి. మోకా గ్రామమునందలి మహాత్మాగాంధీ సంస్థలో ఆ చిట్టాలను భద్రపఱచియున్నారు. 1860ల నుండి తీసిన ఛాయాపటములును గలవు. తమ పూర్వులు ఏ యూరినుండి వచ్చిరో తెలిసికొనుటకు మనుమలు, మునిమనుమలు అచటికి పోయి వెదకించుకొందురు.

సోదరీమణులకు వింతగొలుపు సంగతి యొకటి చెప్పెదము. అచటి తెలుగువారికి మన ఇంటిపేర్లు లేవు. ఓడ దిగిన ముత్తాతగారి పేరేదో అదియే వంశమునకు ఇంటిపేరై నిలిచినది. గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాసికొనినందున అప్పడు అనునది ‘అప్పడూ’ అయినది; అప్పన్న అనునది ‘అప్పన’ అయినది. మన విశాఖపట్టణపు మండలమున సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకొనని కుటుంబ మఱుదు గదా! అచటి తెలుగువారు నేటికిని సింహాద్రి అప్పన్నకు పూజ చేయుచున్నారనగా, ఏ పల్లెలు ఆ ఓడ లెక్కెనో ఊహింపవచ్చును. నతాషా అప్పన అను ప్రసిద్ధ నవలాకర్త్రి ఈ కుటుంబముల లోనిదే. ఆమె ఫ్రెంచి భాషలో వ్రాయును. 1872లో దీవిలో దిగిన తన పూర్వులను గూర్చి ఆమె వ్రాసిన గ్రంథము 2023లో వెలువడినది.

ఆ కాలమున చిట్టాలలో కూలీలను ఓడ బయలుదేరిన రేవును బట్టి విడదీసిరి: కలకత్తావారు, మదరాసువారు, బొంబాయివారు. మనవారిలో పెక్కుమంది మదరాసులో ఓడ యెక్కిరి గనుక మదరాసువారిలో కలిసిపోయిరి. కోరంగి రేవునుండి వచ్చినవారిని బట్టి తెలుగువారికి బర్మాలో వలెనే ఇచటను ‘కోరంగివారు’ అను పేరు కలిగెను. కాకినాడ చెంతనున్న ఆ రేవు 1839 నాటి తుపానులో చితికిపోయినది. నేడు మనలోనే దాని పేరెఱిగినవారు తక్కువ. అది సముద్రము కావల ఒక జాతికి పేరై నిలిచినది.

అల్పసంఖ్యాకులైనవారికి మొదటి కష్టము పేదఱికము కాదు, లెక్కకు రాకపోవుట. ఉత్తరదేశపు వారు ఎక్కువ. తమిళులు తక్కువయైనను మనకంటె ఎక్కువ. మనవారు వేలలో నున్నారు. ఇట్టివారికి సభ యేల కావలసివచ్చెనో 1947 నాటి కథ వినినచో తెలియును. ఆ సంవత్సరమున వచ్చిన క్రొత్త రాజ్యాంగముచే, దీవిలో వాడుకలోనున్న ఏదో యొక భాషలో చిన్న వాక్యములు చదివి, వ్రాసి, సంతకము చేయగలిగిన ప్రతి స్త్రీపురుషునకును ఓటు కలిగెను. ఆ భాషల పట్టికలో తెలుగును గలదు. అంతకు ముందు ఓటర్లు పండ్రెండు వేలకు మించరు; 1948 ఎన్నికలనాటికి వారు డెబ్బది వేలు దాటిరి. బసుదేవ్ బిస్సూన్‌దయాళ్ మున్నగువారు ఊరూర జనులకు అక్షరములు దిద్దించిరి. చెఱకు నఱికిన చేతులు రాత్రివేళ లాంతరు ముందు ఓనమాలు దిద్దినవి. మన దేశమున అక్షరము ముక్తికి, జ్ఞానమునకు అనుచుందుము. అచట అక్షరము ఓటునకు మార్గమాయెను. ఆ యెన్నికలలోనే మొదటిసారిగా ఒక స్త్రీ, ఎమిలియెన్ రోష్‌కూస్త్, శాసనసభకు ఎన్నికయ్యెను. ఆంధ్ర మహాసభ పుట్టినది ఈ 1940ల ఉత్తరార్ధముననే. నాడు భాష అనగా పండుగకు కట్టు తోరణము కాదు, రాజ్యములో పాలు.

నేడు ఆ సభకు ఊళ్లలో శాఖలు గలవు. ఆలయములు, సాయంకాలపు బడులు నడుపుదురు. సర్కారువారు మతసంఘముల కిచ్చు సహాయధనములో వారికిని భాగము గలదు. తెలుగు సాంస్కృతిక కేంద్రము, తెలుగు మాటలాడువారి సంఘము అని సర్కారు చట్టముచే ఏర్పడిన సంస్థలు వేఱుగా నున్నవి. పాఠశాలలలో బిడ్డ కోరినచో తెలుగు చదువవచ్చును. రేడియోలో తెలుగు కార్యక్రమములు వచ్చును. 1990 డిసెంబరులో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి.

ఉగాదినాడు మేము ఒక పల్లెలోని ఆలయమునకు పోయితిమి. ఇరువైపుల చెఱకుతోటలు; నడుమ సన్నని బాట. ఆలయము ముంగిట మామిడాకు తోరణములు. స్త్రీలందఱు పట్టుచీరలు కట్టుకొని, తలలో పువ్వులు ముడుచుకొని వచ్చిరి. చూపునకు మన గోదావరి పల్లెయే. నోరు విప్పినచో క్రియోలు! ఫ్రెంచినుండి పుట్టిన ఆ వాడుకభాషయే అచట అందఱి ఇంటిభాష. 2022 జనాభా లెక్కలలో నూటికి తొంబదిమంది ఇంట క్రియోలే మాటలాడుదుమని చెప్పిరి. పచ్చడి గిన్నె చేతికిచ్చిన యువతి మాతో “నమస్కారమండీ” అని, ఆపైన మాట దొరకక నవ్వి, ప్రక్కనున్న ఉపాధ్యాయినివైపు చూచెను.

వంటశాలకు పోయిన తరువాత మాటల కఱవు కొంత తీఱినది. మునగాకును వారు ‘బ్రెద్ మురుం’ అందురు. టమాటాకు ‘పొమ్ దామూర్’ అని ముద్దుపేరు, అనగా వలపు పండు! పప్పు రుబ్బి మిరపకాయ వేసి నూనెలో వేయించు ‘గాతో పిమాం’ మన మసాలావడకు చెల్లెలే. పెండ్లిండ్లలో అరటియాకు వేసి ఏడు కూరలు వడ్డింతురు. భాష మఱచినను నాలుక రుచిని మఱవలేదని మాలో నొకరు అనగా, ఉపాధ్యాయిని దానిని క్రియోలులో చెప్పినది. అందఱును నవ్విరి. ఒక ముసలమ్మ మాత్రము నవ్వలేదు.

చీకటి పడిన పిమ్మట రామభజన ఆరంభమాయెను. నడుమ ఎత్తైన దీపపు సెమ్మె. దాని చుట్టును పురుషులు, స్త్రీలు, బిడ్డలు వలయముగా నిలిచి, తాళమునకు తగినట్లు అడుగులు వేయుచు, పాడుచు తిరుగుదురు. రాత్రి గడచినకొలది అడుగు వేగమగును. మన యూళ్లలో ఇట్టి భజనలు తగ్గిపోవుచున్నవి. అచట ఇదియే తెలుగుదనమునకు వెన్నెముక. పాడువారిలో పెక్కుమంది చేతులలో పుస్తకములున్నవి. తొంగిచూచితిమి, తెలుగు పాటలే, కాని వ్రాసినది రోమను అక్షరములలో. ఇంటిలో మాటగా పోయిన తెలుగు, ఇచట పాటగా, ప్రార్థనగా బ్రదికియున్నది.

మఱునాడు సభ పెద్ద నొకరిని, ఆ ఉపాధ్యాయినిని కూర్చుండబెట్టి చాలసేపు మాటలాడితిమి. పెద్దాయన పట్టుదల యంతయు లెక్కమీదనే. 1968 రాజ్యాంగము హిందువులు, ముసల్మానులు, చీనావారు, తక్కిన సామాన్య జనము అని నాలుగు వర్గములనే గుర్తించినది. తెలుగువారు హిందువులలోనే చేరుదురు. జాతిని అడిగిన కడపటి జనాభా లెక్క 1972 లోనిది. అది మొదలు మతము, భాష మాత్రమే అడుగుచున్నారు. అందుచే మతమని యున్నచోట చాలమంది ‘తెలుగు’ అని వ్రాయింతురు. లెక్కల పట్టికలో హిందూశాఖలతోబాటు ‘తెలుగు’ అనియు ఒక వరుస గలదు. “తెలుగు ఒక మతమా తాతగారూ?” అని మేము అడుగగా, ఆయన, “కాదమ్మా. కాని ఆ గడిలో వ్రాయకున్న మేము ఉన్నామని ఎవరికి తెలియును?” అనెను. ఆ మాటకు మేము మాఱు పలుకలేదు.

గట్టిగా అడుగు జాతికే చెల్లుబడి యనుటకు ఆయన నోటుల కథ చెప్పెను. మారిషసు రూపాయినోటుపై ఆంగ్లము తరువాత తమిళము, ఆ తరువాత హిందీ యుండెడిది. 1998లో క్రొత్త నోటులపై హిందీని ముందు, తమిళమును వెనుక అచ్చువేసిరి. తమ పూర్వులు ముందు వచ్చినవారని తమిళులు గొప్ప ఆందోళన చేసిరి. సర్కారు ఆ నోటులన్నిటిని వెనుకకు తీసికొని, 1999లో మునుపటి వరుసలో మరల అచ్చువేయించినది. ఒక పంక్తి క్రిందుమీదైనందులకు ఇంత! తెలుగు ఆ నోటుపై ఏనాడును లేదు. మా యభిప్రాయమేమనగా, తమిళులు అడిగినది వారి గౌరవము. అది వారు పొందుట న్యాయమే. అయితే చిన్నజాతులన్నియు ఒకదానికంటె నొకటి ముందుండవలెనని పోటీపడినచో, చెఱకుతోటలో కలిసి చెమటోడ్చిన పూర్వుల పొత్తు మఱుగుపడును. పెద్దాయన ఒప్పుకొనలేదు. ఆయనకు మావలె నాలుగు దినములుండి పోవు సౌకర్యము లేదు గదా.

ఉపాధ్యాయిని బాధ వేఱు. బడిలో బిడ్డ హిందీ, ఉరుదూ, తమిళము, తెలుగు, మరాఠీ, చీనా, అరబ్బీలలో నొకటి ఎన్నుకొనవచ్చును. 2012 నుండి క్రియోలును ఆ వరుసలో చేర్చిరి. ఇంట మాటలాడు భాషనే బడిలో చదువుకొనవచ్చుననగా, తల్లి తన బిడ్డకు తెలుగేల నేర్పింపవలెను? “ఈ ప్రశ్నను తల్లులు నన్నడుగుదురు. మా సభ సెలవు సంపాదించినది, పలక సంపాదించినది, రేడియో సంపాదించినది. రాత్రి బిడ్డను నిద్రపుచ్చునప్పుడు అమ్మ నోట తెలుగు మాటను ఏ సభ పెట్టగలదు?” అని ఆమె అడిగెను. ఆమెయు తన బిడ్డలను క్రియోలులోనే పిలుచునట. దాచక చెప్పినది. ఉత్తరదేశపు స్త్రీలు పెండ్లిండ్లలో పాడు భోజపురీ పాటలు, గీత్‌గవాయి, 2016లో యునెస్కో పట్టికకెక్కినవి. ఆ పాటలను నిలిపినవారు ఇంటి యాడువారే. మన రామభజనను అట్లు నిలుపుకొనవలెనని ఆమె కోరిక. సభలో పదవులు నేటికిని ఎక్కువగా పురుషులవే యనియు, పాటలు మాత్రము స్త్రీల నోటనే యున్నవనియు ఆమె మెల్లగా చెప్పినప్పుడు పెద్దాయన కిటికీ వంక చూచెను.

బయలుదేరు దినమున, వంటశాలలో నవ్వని ముసలమ్మ మేమున్న యింటికి వచ్చినది. చేతిలో పాతబడిన పుస్తకము. నలుబది యేండ్లుగా తాను పాడుచున్న పాటల అర్థమును మనుమరాలికి వ్రాసి యిమ్మని అడిగినది. ఉపాధ్యాయిని ఆంగ్లములోనికి మార్చుచుండగా, మేము పంక్తి పంక్తికి అర్థము చెప్పితిమి. కొన్ని పంక్తులు వినినప్పుడు ఆమె, “అదా! మా అవ్వ ఆ పంక్తి వచ్చునప్పుడు ఏడ్చెడిది” అని క్రియోలులో అనినది. ఒక పాటలో నొక మాట మాకెంత యోచించినను తెలియలేదు. నూఱేండ్లలో నోటినుండి నోటికి పోవుచు, అక్షరములు అరిగి, ఏ తెలుగు మాటయో గుర్తు పట్టరాకున్నది. దగ్గఱ ధ్వనిగల రెండు మూడు మాటలు చెప్పి, వీనిలో ఏదో యొకటి యుండవచ్చును, దిద్ది వ్రాయుదుమా యని అడిగితిమి. ఆమె తల అడ్డముగా ఆడించి పుస్తకము మూసికొనినది. అవ్వ ఎట్లు పాడెనో అట్లే యుండనిమ్మనినది.