కనబడని చుట్టం

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరెత్తితే మా డెల్టా వాళ్ళకు ఛాతీ పొంగుతుంది. హార్వర్డులో ఫిస్కేతో కలిసి, 1929లో కండరాల్లో ఏటీపీ అనే పదార్థాన్ని కనుక్కున్నారాయన. (అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నాడు.) ప్రతి జీవకణంలోనూ చెల్లే నాణెం అది. కనక మా మేనల్లుడు సంక్రాంతికి బెజవాడ వచ్చి, "మామయ్యా! ప్రోటీనుకు ఏటీపీ కలిపి స్ఫటికం పెంచాను. ఎక్స్-కిరణాలు పట్టి చూస్తే ప్రోటీను ఉంది, ఏటీపీ లేదు" అని దిగులుపడితే, తెలుగు పాఠాలు చెప్పుకునే నేను కూడా చెవి ఒగ్గాను. ఆర్నెల్ల శ్రమ మరి!

ఆ కిరణాలు ఒక్క అణువును చూపవట. స్ఫటికంలో బారులు తీరిన కోటానుకోట్ల అణువుల సగటు చిత్రాన్ని చూపుతాయి. పది కుర్చీల్లో రెండింట్లోనే చుట్టం కూర్చుంటే సగటులో అతను నీడపాటి. అన్నింట్లో కూర్చున్నా, ఒకడు అటు తిరిగీ మరొకడు ఇటు వాలీ ఉంటే అదీ మసకే. స్ఫటికం పెంచే ద్రావణం ఇంకో తంటా. అందులో అమ్మోనియం సల్ఫేటు దండిగా ఉంటే, ఫాస్ఫేటు కూర్చోవలసిన చోట సల్ఫేటు చతికిలబడుతుంది, మా బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసే పెద్దమనిషిలాగ. పోనీ, స్ఫటికం తయారయ్యాక నానబెట్టి చొప్పిద్దామంటే, ఒక్కోసారి పక్క అణువే గుమ్మానికి అడ్డం. పైగా ఏటీపీ నిలకడ లేనిది. రోజులూ వారాలూ గడిచేసరికి మూడు ఫాస్ఫేటుల్లో చివరిది ఊడి ఏడీపీగా మిగలవచ్చు. అందుకని తేలిగ్గా తెగని నకలు పదార్థాలు వాడతారు.

మా వాడి పటంలో ఆ చోట ఏదో చిన్న మరక ఉంది. "అందులో ఏటీపీని ఇరికించి గీస్తే ఎవరడుగుతారు?" అన్నాడు, సగం వేళాకోళంగా.

నాకు ఒళ్ళు మండింది. తాళపత్రంలో పురుగు తిన్నచోట చుక్కలు పెట్టి, గ్రంథపాతమని వ్రాసే పరిష్కర్త ఒకడు. అక్కడ స్వంత పద్యం అతికించేవాడు మరొకడు. ఆ రెండోవాడి ప్రక్షిప్తాలు ఏరలేక మేము చస్తున్నాం. మా దగ్గర పోయేది ఒక పద్యం. అక్కడ ఆ బొమ్మను నమ్ముకుని మందు తయారుచేయబోయేవాళ్ళుంటారు.

అడిగేవాళ్ళు లేకేం? ఇలాంటి నిర్మాణాలను భద్రపరచే ప్రోటీన్ డేటా బ్యాంకు 1971లో మొదలైంది. 2008 నుంచి నిర్మాణంతోపాటు కిరణాల కొలతలు కూడా అందులో దాఖలు చేయాలి. మరక ఎంతో, ఊహ ఎంతో ఎవరైనా తీసి చూసుకోవచ్చు.

మా వాడు ఆ చోటు ఖాళీగానే వదిలాడు. ఏటీపీ అసలు అంటుకుంటున్నదా లేదా అని, స్ఫటికంతో పని లేకుండా, ద్రావణంలోనే పుట్టే వేడిని కొలిచి ముందు తేల్చుకుంటాడట.