బావకి నచ్చని గొంగళిపురుగు

మా అక్క కూతురికి నాలుగేళ్లు. పోయిన దసరాకి బెంగళూరు నుంచి ఊరెళ్తూ దానికో బొమ్మల పుస్తకం కొన్నా. ఎరిక్ కార్ల్ చేసిన ‘ద వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్’. 1969లో వచ్చింది, అరవైకి పైగా భాషల్లోకి వెళ్లింది. ఆకలేసిన గొంగళిపురుగు సోమవారం ఒక యాపిల్, మంగళవారం రెండు పియర్స్... అలా శుక్రవారానికి అయిదు నారింజలు తింటుంది. తిన్న ప్రతి పండుకీ పేజీలో నిజంగానే ఓ చిల్లు. పిల్లలు వేలు దూర్చి లెక్కపెట్టుకోవచ్చు.

అక్కావాళ్లది కళ్యాణదుర్గం దగ్గర ఊరు. పుస్తకం చూడగానే బావ మొహం మారిపోయింది.

“ఏమప్పా, ఇంగ ఏ పురుగూ దొరకలేదా నీకు?”

ఆయన బాధ నాకు తెలుసు. తొలకరి పడగానే నేలలోంచి రెక్కల పురుగులు లేచి, శెనక్కాయ ఆకుల కింద గుడ్లు పెడతాయి. ఆ ఎర్ర గొంగళిపురుగులు ఒక చేను తినేసి పక్క చేనుకి గుంపుగా నడుస్తాయి. రైతులు రాత్రిళ్లు మంటలు వేస్తారు, గట్ల వెంట కందకాలు తీస్తారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని నేల ఇది. ఇక్కడ పురుగు తింటుంటే చప్పట్లు కొట్టమంటే ఎలా?

అక్క గొడవ వేరు. “అయిదు పండ్లకేనా ఇంత పుస్తకం? మా పాప వంద దాకా చెప్తాది.”

నిజమే, గడగడా చెప్పింది. ముందు అయిదు శెనక్కాయలు పెట్టి ‘ఎన్ని?’ అన్నా. వేలు రెండో కాయ దగ్గరుండగానే నోరు ఏడుకి వెళ్లిపోయింది. “వంద!” అంది చివరికి. అక్క నవ్వలేదు. అంగన్‌వాడీలో బొమ్మలు చూపిస్తారే తప్ప చదువు చెప్పరని, అప్పు చేసైనా టౌన్లో ఇంగ్లిష్ మీడియంలో వేయాలని ఆమె ప్లాన్.

మర్నాడు పుస్తకం అంగన్‌వాడీ టీచరమ్మకి చూపించా. “బాగుండాది. కానీ ఇరవై మంది వేళ్లు పెడితే వారం కూడా ఉండదు. పియర్ ఇక్కడెవరు చూసినారు?” అని, ఓ పాత అట్ట తీసి చిల్లులు పొడిచింది. ఒక జామకాయ, రెండు సీతాఫలాలు, మూడు నేరేడు పండ్లు, నాలుగు రేగిపండ్లు, అయిదు శెనక్కాయలు. కార్ల్‌కి కూడా ఈ ఐడియా కాగితాల కట్టకి చిల్లులు పెడుతుంటేనే వచ్చిందట.

“ఒక చిల్లుకి ఒక్క మాటే. ఆఖర్న చెప్పిందే మొత్తం. ఇది వస్తే వంద దానంతటదే వస్తాది” అంది ఆమె.

ఆ రాత్రి బావ మంచం మీద పాపని ఒళ్లో వేసుకుని పుస్తకం తిప్పుతున్నాడు. “ఇది తప్పప్పా. మన పురుగు గూడు కట్టదు, మన్నులోకి దూరుతాది” అన్నాడు నాతో. గూడు సంగతి తప్పని సైన్సు తెలిసినవాళ్లూ ఏళ్లుగా అంటున్నదే! తర్వాత పాపని అడిగాడు: “ఈ దొంగది శుక్రవారం ఎన్ని తినింది?”

పాప ఒక్కో చిల్లులో వేలు పెట్టి తీసింది. తొందరపడలేదు.

“అయిదు.”

స్కూలు సంగతి అక్క ఇంకా తేల్చలేదు. వంద చెప్పమని మాత్రం అడగట్లేదు.

మీ ఇంట్లోనూ ఈ వయసు పిల్లలుంటే ఈసారి వంద అడక్కండి. ముందు గుప్పెడు కాయలు పోసి, ఎన్నో అడగండి.